నాలుగు లక్షలు ఐదు నలభై ఎలా అయ్యాయి?

ప్రశ్న: అమ్మా, మాది భీమవరం. నాన్నది మోటార్ వైండింగ్ షాపు. రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లే ఎక్కువ వస్తాయి. నా బీటెక్‌కి ఏడాదికి లక్ష చొప్పున నాలుగు లక్షలు ఎడ్యుకేషన్ లోను తీశాం. చదువైపోయి ఏడాది దాటింది. కొండాపూర్‌లో ఉద్యోగం. ప్యాకేజీ 4.2 లక్షలన్నారు గానీ చేతికొచ్చేది 30 వేల చిల్లర. హాస్టల్, ఫోన్ ఈఎంఐ, ఫ్రెండ్స్‌తో బయట తిండి... 22వ తేదీకే ఖాళీ. ఇప్పుడు బ్యాంకువాళ్లు లోను 5.4 లక్షలైందని, పదేళ్లపాటు నెలకి 7,100 కట్టమని అంటున్నారు. మొదటి వాయిదా నాన్నే కట్టేశారని అమ్మ చెప్పింది. తర్వాతి రెండూ ఎవరం కట్టలేదు. నాన్న ఫోన్ చేస్తే 'మీటింగ్‌లో ఉన్నా' అని పెట్టేస్తున్నాను. బ్యాంకు మమ్మల్ని మోసం చేస్తోందా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మోసం కాదు నాయనా, వడ్డీ. చదువుకునే నాలుగేళ్లూ, ఆ పైన ఇచ్చిన ఏడాదీ వాయిదా అడగరు గానీ వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. పది శాతం అనుకుని లెక్కెయ్యి: మొదటి లక్షకి ఐదేళ్లు, రెండోదానికి నాలుగు, మూడోదానికి మూడు, ఆఖరుదానికి రెండు. మొత్తం లక్షా నలభై వేలు. సంతకం పెట్టిన రోజున ఈ లెక్క మీ ఇద్దరికీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు. ముప్పైమూడేళ్లు బ్యాంకులో పనిచేసినదాన్ని, ఆ తప్పు మాది కూడా.

ప్యాకేజీ సంగతీ అంతే. నెలకి 35 వేలు అనుకున్నావు. బేసిక్ 15 వేలైతే నీ పీఎఫ్ 1,800, కంపెనీది ఇంకో 1,800 (అదీ ప్యాకేజీలోనే లెక్కేస్తారు), గ్రాట్యుటీ పేరిట ఏడొందల పైచిలుకు, వృత్తి పన్ను 200. పోగా మిగిలింది నీ చేతికొస్తోంది. ఎవరూ మింగలేదు. ఎడ్యుకేషన్ లోను వడ్డీకి 80ఇ సెక్షన్ కింద పన్ను మినహాయింపు ఉందని స్నేహితులెవరైనా చెబితే ప్రస్తుతానికి పక్కన పెట్టు. నీ జీతానికి పన్నే పడదు.

ఇక అసలు విషయం. ఆ లోను కాగితాల మీద మీ నాన్నగారి సంతకం కూడా ఉంటుంది. మెసేజీలు ఆయన ఫోన్‌కీ వస్తాయి. ఇలాంటి తండ్రుల్ని నేను కౌంటర్లో ఎంతమందిని చూశానో! పాస్‌బుక్కు పాలిథిన్ కవర్లోంచి తీసి, ఫోన్ నా ముందు పెట్టి, "ఇంగ్లీషులో ఏదో వచ్చిందమ్మా, కాస్త చూడండి" అనేవారు. చదివి చెబితే, "మావాడికి చెప్పకండి, కొత్త ఉద్యోగం" అని జేబులోంచి నోట్లు తీసేవారు. ఒకాయన తెచ్చిన నోట్లకి గ్రీజు అంటుకుని ఉంటే మా క్యాషియర్ విసుక్కున్నాడు. ఆ రోజు అతణ్ని నేను గట్టిగానే కసిరాను, ఇప్పటికీ గుర్తు.

పాతబడిన వాయిదా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. సిబిల్ స్కోరు (అప్పు సరిగ్గా కడతామా లేదా అని బ్యాంకులు చూసే మార్కులు) దెబ్బతినేది నీకొక్కడికే కాదు, రేపు షాపు కోసం అప్పుకెళ్లే ఆయనకి కూడా. కాబట్టి రెండిట్లో పాతది ఈ వారమే కట్టు. డబ్బు లేకపోతే లోన్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకు, ఆఫీసులో జీతం మీద అడ్వాన్సు ఇస్తారేమో అడుగు. 7,100 బరువనిపిస్తే గడువు పదిహేనేళ్లకి పెంచమని బ్యాంకుని అడగొచ్చు. వాయిదా 5,800కి దిగుతుంది, కాకపోతే మొత్తంమీద లక్షా ఎనభై వేలకి పైగా ఎక్కువ కడతావు. నేనైతే ఫోన్ ఈఎంఐ అయ్యేదాకా ఓపికపట్టి పదేళ్లకే ఉంచేదాన్ని. జీతం పడిన మర్నాడే ఆటో డెబిట్ పెట్టించుకో. 22వ తేదీ ఖాళీ అప్పుడు 15కే వస్తుంది, నిజమే. వీకెండ్లలో రెండు పోతాయి.

నాన్నగారితో ఫోన్లో మాట్లాడొద్దు, తేలదు. శుక్రవారం రాత్రి నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లు. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకుండదు, అవి కాకుండా చూసుకో. పే స్లిప్పు ప్రింటు తీసుకెళ్లి, షాపులో ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, ఒక్కో అంకే చదివి చెప్పు. కాయిలు చుట్టడం ఆపకపోయినా వింటూనే ఉంటారు. ఆయన కట్టిన ఆ 7,100 అప్పుడే చేతిలో పెట్టు. వద్దంటారు. అమ్మకిచ్చి రా.