రెండేళ్ల బాబుతో అండమాన్: బస్సులోనే వాంతులు, ఇక పడవలో ఎట్లా?

ప్రశ్న: మాది కావలి. మా బాబుకి రెండేళ్ల నాలుగు నెలలు, బరువు 12 కిలోలు. సంక్రాంతి తర్వాత ఐదు రోజులు అండమాన్ వెళ్దామని చెన్నై నుంచి ఫ్లైట్ టికెట్లు కూడా తీసేశాం. పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్ మూడూ చూడాలని ప్లాన్. కావలిలో నెల్లూరు బస్సెక్కితేనే వీడు ఒకసారైనా వాంతి చేసుకుంటాడు, అంతసేపు పడవల్లో ఎట్లా అని టెన్షన్‌గా ఉంది. ముందే ఏదైనా మందు పోయొచ్చా? ఉప్పుగాలి పడదు, జలుబు చేస్తుంది అని మా అత్తమ్మ ఒకటే పోరు. – ఒక తల్లి, కావలి

జవాబు: వెళ్లి రండమ్మా, కానీ ఒక దీవి తగ్గించుకోండి. ఇది ట్రావెల్ ఏజెంట్ సలహా కాదు, పిల్లల డాక్టర్‌గానే చెబుతున్నా. ఐదు రోజుల్లో వెళ్లే రోజు, వచ్చే రోజు తీసేస్తే మిగిలేవి మూడు, ఆ మూడింట్లో మూడు పడవలు ఎక్కించి, పూటకో గదిలో పడుకోబెట్టి, అన్నం వేళ దాటించి తిప్పితే వాంతులు లేని పిల్లాడు కూడా డీలా పడతాడు. నీల్ వదిలేస్తే పడవలు రెండే. చివరి రాత్రి మాత్రం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేట్టు చూసుకోండి, ఎందుకంటే సముద్రం బాగాలేకపోతే పడవలు ఆపేస్తారు, ఫ్లైట్ మీ కోసం ఆగదు. (టికెట్ల మీద శ్రీ విజయపురం, స్వరాజ్ ద్వీప్ అని ఉంటే కంగారు పడకండి, పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్‌ల కొత్త పేర్లే అవి.)

ఇక వాంతుల సంగతి. లోపలి చెవి 'కదులుతున్నాం' అంటుంది, కన్నేమో 'కూర్చునే ఉన్నాం' అంటుంది, ఈ తగువులో కడుపు తిప్పుతుంది. రెండేళ్ల లోపు పిల్లల్లో ఇది అరుదు, ఆ తర్వాతే మొదలవుతుంది, మీవాడు సరిగ్గా ఆ వయసులోకి వచ్చాడు. బస్సులో మీ ఒళ్లో కూర్చున్నవాడికి ముందు సీటు వెనకున్న రెక్సిన్ తప్ప ఏం కనిపిస్తుంది చెప్పండి? పడవలో కిటికీ పక్కన, వీలైతే మధ్య వరసల్లో, బయట నీళ్లూ ఆకాశమూ కలిసే గీత కనిపించేంత ఎత్తులో కూర్చోబెట్టుకోండి. ఏడుస్తున్నాడని ఫోన్‌లో వీడియో పెడితే వాంతిని చేతులారా పిలిచినట్టే. గంటన్నర ముందు ఒకటో అరో ఇడ్లీ పెట్టండి, నిండా పాలు తాగించి ఎక్కించొద్దు. కొంతమంది ట్రయల్ కోసం తడ దగ్గర పులికాట్‌లో పడవెక్కిస్తుంటారు, అక్కడ సముద్రమంత అలలు ఎక్కడివి? మీ నెల్లూరు బస్సే నయం, ఈసారి కిటికీ పక్కన ఎత్తుగా కూర్చోబెట్టి చూడండి.

మందు అడిగారు. ప్రయాణంలో వాంతులు రాకుండా వేసే ప్రోమెథజీన్ లాంటివి రెండేళ్ల లోపు అస్సలు ఇవ్వకూడదు, మీవాడు ఆ గీత దాటి నాలుగు నెలలే అయింది కాబట్టి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు. మీ డాక్టర్ బరువు చూసి రాస్తే మాత్రం ఒకసారి ఇంట్లోనే వేసి చూడండి, కొందరు పిల్లలు నిద్రపోవడానికి బదులు ఇల్లు పీకి పందిరేస్తారు, ఆ సంగతి నడి సముద్రంలో తెలియకూడదు. నిద్రపోతాడని జలుబు సిరప్ పోసే అలవాటుంటే మానుకోండి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన సిరప్‌లు నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడొద్దని లేబుల్ మీదే రాయాలని 2023లో కేంద్రం ఆదేశించింది.

జ్వరం మందు దగ్గర కొంచెం ఆగాలి. పారాసిటమాల్ కిలోకి 15 మి.గ్రా. లెక్కన మీవాడికి ఒక డోసు దాదాపు 180 మి.గ్రా. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే అది మూడున్నర మి.లీ. అదే మందు డ్రాప్స్‌గా 1 మి.లీ.లో 100 మి.గ్రా. ఉంటుంది, అదీ మూడున్నర పోస్తే డోసు రెట్టింపే. ఒకాయన రెండు సీసాలూ నా బల్ల మీద పెట్టి "రెండూ జ్వరం మందే కదా సార్, ఏదైతే ఏంది" అన్నాడు, ఆయన తప్పు కాదు, రెండు డబ్బాలూ చూడటానికి అలాగే ఉన్నాయి. కాబట్టి ఒక్క సీసానే పట్టుకెళ్లండి, దాని మీదే పెన్నుతో ఎన్ని మి.లీ.నో రాసుకోండి. డోసుకీ డోసుకీ ఆరు గంటలు ఎడం, రోజుకి నాలుగుసార్లు మించొద్దు.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి ఒకటి, సగం కలిపి సగం దాచొద్దు. విరేచనాలు పట్టుకుంటే జింక్ రోజుకి 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు, తగ్గిపోయినా సరే. ఇవన్నీ చేతి సంచిలో ఉండాలి, లగేజీలో కాదు. ఏడెనిమిది గంటలు ఉచ్చ పోయకపోయినా, వాంతి ఆకుపచ్చగా వచ్చినా, మగతగా పడి ఉన్నా బీచ్ ప్రోగ్రామ్ ఆపి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. పెద్దాసుపత్రి, అంటే జి.బి.పంత్, ఉండేది పోర్ట్ బ్లెయిర్‌లోనే, మళ్లీ పడవెక్కాల్సిందే. దీవులు తగ్గించమన్నది ఇందుకు కూడా.

నీళ్ల దగ్గర మాత్రం చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒక పెద్దవాళ్లు, ఫోన్ లేకుండా. మునిగే పిల్లలు అరవరు. విమానం దిగేటప్పుడు చెవి నొప్పి రాకుండా గుటక వేయిస్తూ ఉండండి, నీళ్లైనా సరే.

ఉప్పుగాలికి జలుబు చేసేదైతే మీ పక్కనే తుమ్మలపెంటలో పిల్లలందరికీ ఏడాది పొడుగునా ముక్కులు కారుతుండాలి కదా! జలుబు వైరస్‌తో వస్తుంది, గాలితో కాదు, కావాలంటే నేను చెప్పానని అత్తమ్మగారికి చెప్పండి.

బయల్దేరడానికి నెల ముందు టీకాల కార్డు పట్టుకుని మీ డాక్టర్‌కి చూపించండి, టైఫాయిడ్, హెపటైటిస్ ఎ పడ్డాయో లేదో తెలుస్తుంది. కార్డు కనపడకపోతే అత్తమ్మగారినే అడగండి, మా దగ్గరికొచ్చే ఇళ్లలో దాన్ని బీరువాలో చీరల కింద దాచిపెట్టేది ఎక్కువగా వాళ్లే.