కృప మీద చర్చ పెట్టబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య దీవెనలు.

వచ్చే ఆదివారం యూత్ మీటింగ్‌లో రక్షణ విషయంలో దేవుడి కృప ఎంత, మనిషి ఇష్టం ఎంత అన్న అంశం నీకిచ్చారట. టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. వైజాగ్ పాత ఊళ్లో మా సంఘం పిల్లలతో ఏళ్లుగా ఈ వాదన విన్నవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

రక్షణ పొందేవాళ్లను దేవుడే ముందుగా ఎన్నుకుంటాడన్న కాల్విన్, వచ్చిన కృపను మనిషి కాదనగలడన్న ఆర్మీనియస్, ఈ ఇద్దరి పేర్లూ ముందే బోర్డు మీద రాయకు. రాస్తే పిల్లలు రెండు జట్లయిపోతారు, ఇక బైబిల్ తెరవరు. రోమా పత్రిక తొమ్మిదో అధ్యాయం చదివించి, ఆపకుండా పదోది కూడా చదివించు. మట్టి మీద కుమ్మరికి అధికారం లేదా అని తొమ్మిదిలో అడిగిన పౌలే, ప్రభువు నామాన్ని పిలిచే ప్రతివాడూ రక్షణ పొందుతాడని పదిలో అంటాడు. ఎవరైనా ఒక అధ్యాయమే పట్టుకుని వాదిస్తే, రెండోదాన్ని వివరించే పని వాళ్లకే అప్పజెప్పు.

చరిత్ర కొంచెం చాలు. మనిషి తలచుకుంటే పాపం చేయకుండా బతకగలడన్నాడు పెలాగియస్. పాపంలో పడ్డ మనసుకు ఆ శక్తి లేదు, కృపే ముందు రావాలన్నాడు అగస్టీన్. 418లో కార్తేజి సభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది. ఇది ఎందుకు చెప్పమంటున్నానంటే, మన దగ్గర ఆర్మీనియస్ వైపు మాట్లాడేవాళ్లను 'పెలాగియన్లు' అనేస్తారు. అది అన్యాయం. ఆర్మీనియస్ అనుచరులు 1610లో రాసిన ఐదు అంశాల పత్రంలో కూడా కృప లేనిదే మనిషి ఏ మంచీ తలపెట్టలేడనే ఉంది. కృప విషయంలో వాళ్ల పేచీ, దాన్ని మనిషి కాదనగలడా అన్న దగ్గరే. కాల్విన్ వైపు నిలిచి వాళ్లను ఖండించిన 1618-19 డోర్ట్ సభ కూడా మనిషిని కీలుబొమ్మ అనలేదు. దేవుడు మనుషుల్ని రాళ్లూ మొద్దులుగా చూడడని, వాళ్ల చిత్తాన్ని రద్దు చేయడని తన తీర్మానాల్లో రాసుకుంది.

అందుకే ప్రతివాడి చేతా ముందు అవతలివాళ్ల వాదన చెప్పించు. అవతలివాళ్లు "అవును, మేమనేది అదే" అన్నాకే సొంత మాట చెప్పనివ్వు. సగం గొడవ అక్కడే తగ్గుతుంది. మిగతా సగం నిజమైన తేడా, దాన్ని కప్పిపుచ్చకు. నేను మెథడిస్టు బోధకుడు వెస్లీ పక్షమని, అంటే ఆర్మీనియస్ వైపని నీకు తెలుసు. ఆయన 1739లో ఎవరు రక్షణ పొందాలో దేవుడు ముందే ఎన్నుకున్నాడనే ముందస్తు ఎన్నిక బోధను ఎండగడుతూ ప్రసంగం అచ్చు వేస్తే, కాల్విన్ వైపున్న స్నేహితుడు విట్‌ఫీల్డ్ బహిరంగంగానే ఉత్తరం రాసి ఎదిరించాడు. స్నేహం చాలా దెబ్బతింది. అయినా 1770లో విట్‌ఫీల్డ్ చనిపోతే, లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే. అభిప్రాయం మాత్రం ఇద్దరూ మార్చుకోలేదు.

రాస్ హిల్ గుడికి వెళ్లే నీ ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) స్నేహితులు వస్తే వాళ్లనూ మాట్లాడించు. ఇదే విషయం మీద వాళ్ల సంఘంలోనే డొమినికన్లు, జెస్యూట్లు అనే రెండు సన్యాసి సమాజాలు ఏళ్ల తరబడి కొట్లాడుకుంటే, 1607లో పోప్ ఐదవ పౌలు ఏ పక్షానికీ తీర్పివ్వకుండా, ఒకరినొకరు ఖండించుకోవద్దని ముగించాడు.

ఒక్క ప్రశ్నకు మాత్రం సిద్ధపడు. "మా నాన్న నమ్మకుండానే పోయాడు, దేవుడు ఆయన్ని ఎన్నుకోలేదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు వచనాలు వెతకొద్దు, ఎవర్నీ జవాబు చెప్పనివ్వొద్దు. చర్చ అక్కడితో ఆపి పాట అందుకోమను. మీటింగ్ అయ్యాక ఆ పిల్లాడి పక్కన కూర్చుని వాళ్ల నాన్న గురించి చెప్పమను.

మీ మావయ్య