ముందు ఎండు ఫోటో, తర్వాతే నీళ్ళు

ఒరేయ్ చిన్నా,

గోడల మీద నాచు పేర్లు చెప్పమని నువ్వు వాట్సాప్‌లో పంపిన నలభై ఫోటోలూ చూశాను. ఒక్కదానికీ పేరు చెప్పలేను, కోప్పడకు. అన్నీ నిలబడి పైనుంచి తీసినవే, పచ్చ దుప్పటి తప్ప ఏమీ కనబడటం లేదు. పైగా అందులో సగం మనకి కావలసిన నాచే కాదు. గోడ మీద పచ్చగా ఏది కనిపించినా నాచనో పాకుడనో అనేస్తాం గానీ, వేలితో రాస్తే జిగటగా అంటుకునేది శైవలం (ఆల్గే), వానలు వెళ్ళాక పిట్టగోడ మీద నల్లటి చారలుగా మిగిలేది ఎక్కువగా సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు, బూడిదరంగు పొక్కుల్లా గోడని కరుచుకుని ఉండేది లైకెన్, అంటే శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికేది. నువ్వు వెతుకుతున్న అసలు నాచుకి, అంటే ఇంగ్లీషులో మాస్ (moss) అనేదానికి, బుల్లిదైనా సరే కాండం ఉంటుంది, దాని చుట్టూ ఆకులుంటాయి.

ఆ ఆకులు కనబడాలంటే మోకాళ్ళ మీద కూర్చోక తప్పదు. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఒకటి, ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్ ఒకటి కొనుక్కో, కెమెరా అక్కర్లేదు.

ఇక నువ్వు చేసిన పెద్ద తప్పు. ఫోటో అందంగా వస్తుందని ముందే స్ప్రే కొట్టేశావు కదూ? అలా చేస్తే సగం ఆనవాళ్ళు పోయినట్టే. మన హైదరాబాద్‌లో పాత ఇటుక గోడల మీద, సున్నం గార మీద కనిపించే హయోఫిలా ఇన్వొల్యూటా అనే నాచునే తీసుకో. ఎండినప్పుడు దాని ఆకు అంచులు రెండూ లోపలికి చుట్టుకుపోయి, చుట్ట చుట్టిన పొగాకులా సన్నటి గొట్టాలైపోతాయి, చూస్తే చచ్చిపోయిందనుకుంటావు. డ్రాపర్‌తో ఒక్క చుక్క వెయ్యి, భూతద్దం తియ్యకు. నీ కళ్ళముందే ఒక్కో ఆకూ విప్పుకుని నక్షత్రంలా పరుచుకుంటుంది. ఇన్వొల్యూటా అంటేనే లోపలికి చుట్టుకున్నది అని. నేను ఇన్నేళ్ళు బోటనీ చెప్పి రిటైరయ్యాను గానీ ఇప్పటికీ అది చూస్తే చేతిలో కాఫీ చల్లారిపోతుంది. అందుకే ఎండినప్పుడు ఒకటి, తడిపాక ఒకటి, ఫోన్ కదపకుండా అదే కోణంలో తియ్యి.

డాబా మీద సిమెంటు పగుళ్ళలో, వాటర్ ట్యాంకు పొంగి కారే చోట తెల్లగా మెరిసే చిన్న చిన్న దిండ్లు ఉంటాయి చూడు, అది బ్రయం అర్జెంటియం అనే నాచు కావడానికే ఎక్కువ అవకాశం. ఆకు కొనవైపు భాగంలో పత్రహరితం ఉండదు, ఆ వెండి మెరుపు అందుకే. ఆకులు కాండాన్ని దగ్గరగా హత్తుకుని, ఒక్కో రెమ్మా అల్లిన వెండి గొలుసు ముక్కలా ఉంటుంది. అంటార్కిటికాలో కూడా బతుకుతుందది, మన మే నెల ఎండ దానికో లెక్కా!

సన్నటి కాడ మీద గుళిక, అంటే నాచు సిద్ధబీజాలుండే బుల్లి డబ్బా, కనిపిస్తే అదృష్టమే, పక్కనుంచి తప్పకుండా తియ్యి. బ్రయంలో అది తలవంచుకుని వేలాడుతుంది, హయోఫిలాలో నిటారుగా ఉంటుంది. మూత రాలిపోయి ఉంటే గుళిక మూతి చుట్టూ దంతాల్లాంటివి ఉన్నాయేమో చూడు, హయోఫిలాకి ఉండవు. పుస్తకాల్లో ఫ్యునేరియా అనే నాచు బొమ్మ వేసీ వేసీ, గుళికున్న ప్రతిదాన్నీ ఫ్యునేరియా అనేసే పిల్లలు నాకు ప్రతి బ్యాచ్‌లోనూ ఉండేవాళ్ళు, నువ్వూ అలా అనకు.

ఫ్లాష్ వద్దు. పొద్దున్నే ఏటవాలుగా పడే వెలుతురు చాలు, నీడవైపు తెల్లకాగితం పట్టుకో. పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టు, అది 27 మిల్లీమీటర్లు, కొలత తెలుస్తుంది. గోడ మొత్తం ఫోటో కూడా ఒకటి కావాలి. అది సున్నమా, సిమెంటా, ఇటుకా, ఏసీ నీళ్ళు కారే చోటా, ఉత్తరం వైపా అన్నది రాసిపెట్టుకో. ఈ వివరాలు లేకుండా నన్ను పేరు అడగొద్దు.

నమూనా కావాలంటే గోరంత చాలు, కాగితం పొట్లంలో పెట్టి తేదీ, చోటు పైన రాయి. కొత్తలో నేను తెలివిగా ప్లాస్టిక్ కవర్లలో దాచాను, పది రోజులకి అన్నీ బూజు పట్టి కంపు. గోల్కొండ, చార్మినార్ లాంటి రక్షిత కట్టడాల దగ్గర మాత్రం గోరు కూడా ఆనించకు, ఫోటోతో సరిపెట్టుకో.

ఫోటో చూసి పేరు చెప్పే యాప్ చూపించిన మొదటి పేరు పట్టుకుని ఊరేగకు. మైక్రోస్కోప్ కింద ఆకు కణాలు చూస్తే తప్ప తేలనివి బోలెడు. బ్రయం అని ప్రజాతి (జీనస్) దగ్గరే, అంటే పేరులో మొదటి మాట దగ్గరే, ఆగిపోతే నామోషీ ఏమీ లేదు.

నీ ఫోటోల్లో పదిహేడోది, సంపు పక్క గోడది, నాకు నచ్చింది. రెండు రోజులు వాన పడకపోతే అది ఎండుతుంది, అప్పుడు వెళ్ళి మళ్ళీ తియ్యి. ఈలోగా మీ ఓనరు ఆ గోడకి బ్లీచింగ్ కొట్టించకుండా చూసుకో, మా అపార్ట్‌మెంట్‌లో పోయిన దసరాకి నా గోడంతా అలాగే పోయింది.

మీ అత్తయ్య