సలహా వైద్యుడిది, నిర్ణయం మంత్రిది

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లో ఉంటున్నాడు. అక్కడ చీఫ్ మెడికల్ ఆఫీసర్ చెప్పారంటే అదే పెద్ద వార్త అంటాడు. ఆయన ఆరోగ్య మంత్రి కంటే పెద్దవారా? ఆయన మాటను ప్రభుత్వం విని తీరాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మన దగ్గర ఆ హోదా వినగానే రైల్వే ఆసుపత్రిలోనో, సీజీహెచ్‌ఎస్ డిస్పెన్సరీలోనో ఉండే సీనియర్ డాక్టరుగారు గుర్తుకొస్తారు కనుక మీ సందేహం సహజమే. ఇంగ్లండ్‌లో మాత్రం ఆ పేరుతో ఉన్న అధికారి ప్రభుత్వానికి ప్రధాన వైద్య సలహాదారు. ఆయన మంత్రి కంటే పెద్దవారు కారు. ఆయన సలహాను పాటించి తీరాలన్న నిబంధన కూడా లేదు.

కలరా లండన్‌ను పదే పదే కుదిపేసిన కాలంలో, 1855లో, జాన్ సైమన్ అనే సర్జన్‌తో ఈ పదవి మొదలైంది. 2019 అక్టోబరులో దీన్ని చేపట్టిన క్రిస్ విట్టీ కోవిడ్ రోజుల్లో ప్రధాని పక్కన నిలబడి, తెర మీద గ్రాఫులు చూపిస్తూ మాట్లాడటం మీ అబ్బాయి చూసే ఉంటాడు.

మరి చెప్పడమే తప్ప చేయించే అధికారం లేని మనిషి మాటకు అంత విలువ ఎందుకు? ప్రభుత్వోద్యోగే అయినా, ప్రజారోగ్యంపై తన పేరుతో వార్షిక నివేదిక వెలువరించి, ప్రభుత్వానికి రుచించని మాటను సైతం అందులో బాహాటంగా రాయగలగడమే ఇందుకు ముఖ్య కారణమని నా అభిప్రాయం. అప్పట్లో ఈ పదవిలో ఉన్న లియాం డొనాల్డ్‌సన్ ఉదంతమే చూడండి. 2003లో వెలువడిన నివేదికలో ఆయన బహిరంగ స్థలాల్లో పొగతాగడాన్ని నిషేధించాలని కోరారు. ప్రభుత్వం తటపటాయించి, చివరకు భోజనం వడ్డించని పబ్బులకూ ప్రైవేటు క్లబ్బులకూ మినహాయింపునిస్తూ సగం నిషేధంతో సరిపెట్టబోయింది. పబ్బులో పనిచేసే కుర్రాడి ఊపిరితిత్తులకు అక్కడ భోజనం పెడతారా లేదా అన్నదానితో ఏం పని? రాజీనామా చేయాలన్న ఆలోచన వచ్చిందని 2005లో డొనాల్డ్‌సన్ పార్లమెంటరీ కమిటీ ముందే చెప్పారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, పార్టీ విప్‌తో నిమిత్తం లేకుండా ఓటు వేసిన కామన్స్ సభ సభ్యులు ఆ మినహాయింపులను తోసిపుచ్చారు; 2007 జులై 1 నుంచి పూర్తి నిషేధం అమలైంది.

ఒక్కోసారి నిపుణుల కమిటీలు తేల్చని విషయమూ ఈ అధికారుల దగ్గరికే వస్తుంది. 2021లో 12–15 ఏళ్ల పిల్లలందరికీ కోవిడ్ టీకా వేయాలని సిఫారసు చేయడానికి టీకాల సలహా కమిటీ వెనుకాడింది. వైద్యపరమైన లాభం స్వల్పమేనని, చదువుకు కలిగే నష్టం వంటివి బేరీజు వేయడం తమ పరిధిలోది కాదని చెప్పింది. బడులు మూతపడితే పిల్లలకు జరిగే చేటును కూడా లెక్కలోకి తీసుకొని, ఒక డోసు ఇవ్వవచ్చని చీఫ్ మెడికల్ ఆఫీసర్లు సలహా ఇచ్చారు. మంత్రులు అంగీకరించారు.

"ఆఫీసర్లు" అని బహువచనం వాడింది గౌరవానికి కాదు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు వేర్వేరుగా నలుగురున్నారు. రేపు మీ అబ్బాయికి ఎడిన్‌బరోకు బదిలీ అయితే, అతడు వినవలసింది స్కాట్లండ్ అధికారి మాట.