మాస్టర్ టేపు స్టూడియోవారి దగ్గర ఉంటే పాటల హక్కు కూడా వారిదేనా?

ప్రశ్న: బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లం. 2001లో నలుగురు మిత్రులం కలిసి డెత్ మెటల్ (గర్జించే గొంతుతో పాడే ఒక రకం రాక్ సంగీతం) బ్యాండు పెట్టి, ఒక స్టూడియోను అద్దెకు తీసుకుని నాలుగు పాటల డెమో (నమూనా రికార్డింగు) చేశాం. యజమాని అద్దెలో సగం తగ్గించారు. కొన్ని కాసెట్లు కచేరీల్లో అమ్మాం. పాటలు రాసి పాడిన మిత్రుడు 2014లో అవివాహితుడిగానే చనిపోయాడు. ఇప్పుడు ఆ యజమాని మాస్టర్ టేపును (అసలు రికార్డింగు ఉన్న టేపును) ఒక విదేశీ మ్యూజిక్ లేబుల్‌కు ఇస్తే, వారు ఎల్పీగా (వినైల్ రికార్డుగా) విడుదల చేశారు. టేపు తనది కనుక హక్కూ తనదేనని ఆయన వాదన. మేమేం చేయాలి?

జవాబు: టేపు ఎవరి బీరువాలో ఉందన్నది వేరు, అందులోని ధ్వనిపై హక్కు ఎవరిదన్నది వేరు. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం సౌండ్ రికార్డింగుకు కర్త దాని నిర్మాత. రికార్డింగు జరగడానికి చొరవ చూపి బాధ్యత తీసుకున్న వ్యక్తే నిర్మాత అని సెక్షన్ 2 చెబుతోంది. తేదీలు కుదుర్చుకుని, అద్దె కట్టి, ఏ పాట ఎలా వినిపించాలో తేల్చుకున్నది మీరే అయితే నిర్మాతలు మీరు నలుగురే. మైకులు అమర్చి మీటలు తిప్పినంత మాత్రాన స్టూడియోకు ఆ హోదా రాదు. అయితే తగ్గించిన సగం అద్దెను ఆయన తన పెట్టుబడిగా చూపవచ్చు. మీ వ్యవహారంలో నాకు చిక్కుగా కనిపిస్తున్నది ఇదొక్కటే. అద్దెలో రాయితీ చొరవ కిందికి రాదని నా అభిప్రాయం, కానీ దాన్ని నిలబెట్టడానికి అద్దె రసీదు, ఆనాటి ఉత్తరాలు, బ్యాండు పేరు అచ్చువేసిన కాసెట్ అట్ట వంటివి కావాలి. ఇల్లంతా వెతికించండి. హక్కుల బదిలీ సంతకంతో కూడిన రాతపూర్వక పత్రం ద్వారానే చెల్లుతుందని సెక్షన్ 19 చెబుతున్నందున, అటువంటి పత్రమేదైనా ఉంటే చూపమని ఆయనను కూడా అడగాలి.

ఒకవేళ రికార్డింగు విషయంలో వివాదం తేలకపోయినా, మీ చేతిలో మరో మూడు హక్కులున్నాయి. స్వరకల్పన మీది, 1994 సవరణ తర్వాత సంగీతాన్ని కాగితంపై రాసి ఉండాలన్న నిబంధన లేదు. సాహిత్యం మీ మిత్రుడిది, దానికి ఆయన మరణానంతరం 60 ఏళ్ల రక్షణ ఉంటుంది. ఇక వాయించినందుకు, పాడినందుకు కళాకారులుగా మీ అందరికీ ఉన్న హక్కు 50 ఏళ్లు, అంటే 2051 చివరి వరకు నిలుస్తుంది. గొంతు చించుకుని గర్జించడాన్ని పాటగా ఒప్పుకోనివారు ఉండవచ్చు, కానీ చట్టం అటువంటి తేడా చూపదు. డెమోయే కదా అని తక్కువగా చూడకండి: అమెరికాలోని ఫ్లోరిడాలో మాంటాస్ పేరుతో మొదలైన డెత్ బృందం కూడా 1984 నాటి డెమో కాసెట్లు చేతులు మారడం వల్లనే అభిమానులకు తెలిసింది.

మీ మిత్రుడి వాటా గురించి మీరు అడగలేదు, కానీ నేను చెప్పి తీరాలి. ఆయన హిందువై, వీలునామా రాయకుండా పోయి ఉంటే, హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం అవివాహితుడి మొదటి తరగతి వారసురాలు తల్లి. తండ్రి రెండో తరగతిలోకి వస్తారు. ఆమె ఉన్నట్లయితే ఆమె సంతకం లేకుండా ఎవరితోనూ రాజీ కుదుర్చుకోవద్దు. పాటలపై రచయితగా ఆయన పేరు ఉండాలని పట్టుబట్టే హక్కు కాపీరైట్ చట్టం సెక్షన్ 57 కింద ఆయన వారసులకూ ఉంది. ఎల్పీ అట్టపై ఆ పేరు లేకపోతే అది కూడా మీ ఫిర్యాదులో రాయండి.

మొదట స్టూడియోకు, లేబుల్‌కు లాయరు నోటీసు పంపండి. అనుమతి లేకుండా పాటలను ఎవరైనా అప్‌లోడ్ చేసిన వెబ్‌సైటుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, 2013 కాపీరైట్ నిబంధనల ప్రకారం వారు 36 గంటల్లో స్పందించాలి. అయితే 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తేలేకపోతే పాటలను వారు తిరిగి పెట్టవచ్చు. యజమానిపై దావాను కాపీరైట్ చట్టం సెక్షన్ 62 వల్ల మీరు నివసించే బెంగళూరులోనే వేయవచ్చు. తక్షణ నిషేధ ఉత్తర్వు కోరకపోతే ముందుగా మధ్యవర్తిత్వానికి వెళ్లక తప్పదు. ఉల్లంఘన జరిగిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. విదేశంలో జరిగిన అచ్చుకు ఆ దేశ చట్టమే వర్తిస్తుంది, అయితే కాపీరైట్‌పై అంతర్జాతీయ ఒప్పందమైన బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశమైతే మీ పాటలకు అక్కడా రక్షణ ఉంటుంది.

లేబుల్ రాజీకి వచ్చి, మీకూ ఆ ఎల్పీ బయటకు రావాలనే ఉంటే, హక్కులను పూర్తిగా రాసివ్వకుండా నిర్ణీత కాలానికి లైసెన్సు మాత్రమే ఇవ్వండి. కాలం, దేశాలు, రాయల్టీ, అచ్చువేసే ప్రతుల సంఖ్య అన్నీ ఆ పత్రంలో స్పష్టంగా ఉండాలి.