ఎడిటర్‌గా చేరుతున్న అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవికి,

సోమవారం నుంచి కంటెంట్ ఎడిటర్‌గా చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. "రాసేవాళ్లంతా నాకంటే పెద్దవాళ్లు, వాళ్ల రాతలు నేనెలా దిద్దను" అని టెన్షన్ పడుతున్నావట. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నాను.

రచయితకు విషయం బాగా తెలుసు. అందుకే కొన్ని చెప్పకుండా దాటేస్తాడు, అందరికీ తెలిసిందే కదా అనుకుంటాడు. నీకు తెలియదు. ఈ ఉద్యోగంలో ఆ తెలియకపోవడమే నీ పెట్టుబడి. అర్థం కానిచోట అర్థమైనట్టు నటించావంటే ఆ పెట్టుబడి పోయినట్టే.

వ్యాసం చేతికి రాగానే కీబోర్డు ముట్టుకోకు. మొదటి నుంచి చివరిదాకా ఊరికే చదువు. ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదవాల్సి వచ్చిందో, ఎక్కడ మనసు పక్కకు పోయిందో పక్కన కాగితం మీద రాసుకో. మొదటి చదువు ఒక్కసారే దొరుకుతుంది, రెండోసారి చదివేటప్పటికి నీకూ విషయం తెలిసిపోతుంది. కొత్తల్లో నేను మొదటి వాక్యంలోని కామా దగ్గరే పని మొదలుపెట్టేవాణ్ణి. అరగంట కూర్చుని అచ్చుతప్పులన్నీ తీసేశాక, అసలు ఆ పేరాయే అక్కర్లేదని తేలేది. ముందు వ్యాసం నిలబడుతోందా చూడు, తర్వాత పేరాల వరస, తర్వాత వాక్యాలు. అక్షరదోషాలు అన్నిటికంటే ఆఖర్న.

చాలామంది గొంతు సవరించుకోవడానికే రెండు పేరాలు తీసుకుంటారు. "నేటి ఆధునిక యుగంలో" అని మొదలైన వ్యాసం కనబడితే నేను నేరుగా మూడో పేరాకు వెళ్లి చూస్తాను. పదింట ఎనిమిదిసార్లు అసలు మొదలు అక్కడే ఉంటుంది. తెర మీద చదివేవాళ్లకు అంత ఓపిక ఉండదమ్మా. వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశోధించే జేకబ్ నీల్సన్ 1997లో పరిశీలించినప్పుడు 79 శాతం మంది కొత్త పేజీని పైపైన చూసుకుంటూ పోయారు, మాట మాట చదివినవాళ్లు 16 శాతమే. అప్పటికి జనం చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు కూడా లేవు. నీ కంప్యూటర్‌లో నాలుగు లైన్లుగా కనిపించే పేరా ఫోన్లో స్క్రీన్‌లో చాలా భాగం ఆక్రమిస్తుంది. అందుకని పబ్లిష్ చేసేముందు ప్రతి వ్యాసాన్నీ ఫోన్లో తెరిచి ఒకసారి చదువు.

ఇక వాక్యం సంగతి. నాకు ఈమధ్య వచ్చిన ఒక వాక్యం చూడు: "వినియోగదారుల యొక్క సౌలభ్యం కొరకు ఈ సదుపాయం ప్రవేశపెట్టబడినది." దీన్ని "వాడేవాళ్లకు వీలుగా ఉంటుందని ఈ సదుపాయం పెట్టారు" అని మార్చాను. "యొక్క", "కొరకు", "బడినది" మూడూ పోయాయి. కానీ అలా మార్చగానే ఒక ప్రశ్న లేచింది: ఎవరు పెట్టారు? "ప్రవేశపెట్టబడినది" అన్నంతసేపూ ఆ ప్రశ్న ఎవరికీ తట్టదు, దానికింద చేసినవాడు హాయిగా దాక్కుంటాడు. రచయితను అడిగాను. ఆయనకూ తెలియదు! కనుక్కుని రాశాక ఆ పేరా అంతా మారిపోయింది. భాష దిద్దబోతే విషయంలోని బొక్క బయటపడటం ఈ పనిలో రోజూ జరిగేదే.

అంకెల దగ్గర మాత్రం నీ తెలివిని కూడా నమ్మకు. ఒకసారి ఒక వ్యాసంలో "10 మిలియన్ల మంది" అని ఉంది. మనవాళ్లకు మిలియన్లు ఎక్కవని చొరవ తీసుకుని "10 లక్షల మంది" అని మార్చేశాను. మిలియన్ అంటేనే 10 లక్షలు, 10 మిలియన్లు అంటే కోటి. ఒక్క దెబ్బకు 90 లక్షల మందిని మాయం చేశాను. తిట్లన్నీ రచయితకు పడ్డాయి, ఎందుకంటే పైన ఉన్నది ఆయన పేరు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. అప్పటినుంచి నేను మార్చిన ప్రతి అంకెనూ, పేరునూ, తేదీనీ రచయితకు చూపించకుండా పైకి పంపను.

పబ్లిష్ అయ్యాక తప్పు దొరికితే గుట్టుగా సరిచేసి ఊరుకోకు. ఏది తప్పుపడింది, ఎప్పుడు సరిచేశారు అని కింద ఒక లైను పెట్టించు. పేజీ చిరునామాలో (URLలో) తప్పు దొరికితే మాత్రం వెంటనే చేయి పెట్టకు. చిరునామా మారిస్తే అప్పటిదాకా దాన్ని పంచుకున్నవాళ్ల లింకులన్నీ తెగిపోతాయి. తప్పదనుకుంటే పాతది తెరిచినవాళ్లు కొత్తదానికి వెళ్లేలా 301 రీడైరెక్ట్ పెట్టమని టెక్నికల్ వాళ్లకు చెప్పు.

కంటికి కనబడని తప్పులు కొన్ని ఉంటాయి. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో "ట్" తర్వాత ఒక కనబడని అక్షరం ఉంటుంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. "ట్" పొల్లుగా విడిగా నిలబడేది దానివల్లే. ఒకచోట నుంచి ఇంకోచోటికి కాపీ చేసేటప్పుడు అది ఎగిరిపోతే కింద వత్తు వచ్చి చేరుతుంది. వ్యాసంలో ఆ మాట రెండు రకాలుగానూ ఉంటే ఒకదానికోసం వెతికినప్పుడు రెండోది దొరక్కపోవచ్చు. అలాగే లింకుకు "ఇక్కడ నొక్కండి" అని పెట్టకు. చూపు లేనివాళ్లు తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో లింకుల జాబితా ఒక్కటే వింటూ వెళ్తే వాళ్లకు "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అనే వినిపిస్తుంది. బొమ్మకు రాసే వివరణ కూడా వాళ్లకోసమే, సెర్చ్‌లో పైకి రావాలని అందులో మాటలు కుక్కమని ఎవరైనా అంటే ఒప్పుకోకు. నెట్‌లో దొరికింది కదా అని బొమ్మ పెట్టేయడం కూడా కుదరదు, లైసెన్స్ చూడాలి.

ఇప్పుడు నీ అసలు భయం. పెద్దవాళ్లకు ఎలా చెప్పడం? "ఇది అర్థం కావడం లేదు" అంటే ముఖం మాడుస్తారు. "నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను, సరేనా అండీ?" అని అడుగు. నువ్వు తప్పుగా అర్థం చేసుకుంటే ఆయనే కంగారుపడి వాక్యం మారుస్తాడు. మార్పులన్నీ, పాత మాట పోకుండా కొత్తది సూచనగా కనబడే సజెషన్ మోడ్‌లోనే చెయ్యి, ఏది తీసుకోవాలో వాళ్లకు కనబడాలి. బాగున్నచోట బాగుందని రాయడానికి బద్ధకించకు. వాళ్లు తమ యాసలో రాస్తే దాన్ని పుస్తకాల భాషలోకి లాగొద్దు. ఒక మార్పు ఎందుకు చేశావని అడిగితే నీ దగ్గర కారణం ఉండాలి. "నాకలా అనిపించింది" తప్ప ఇంకేమీ లేకపోతే దాన్ని వెనక్కి తీసెయ్. నేను ఇప్పటికీ ఒక్కో వ్యాసంలో ఐదారు మార్పులు అలా వెనక్కి తీసుకుంటుంటాను.

నీ మొదటి వ్యాసం పూర్తయ్యాక, వాళ్లు ఒప్పుకుంటే, దిద్దకముందుదీ దిద్దినదీ రెండూ నాకు పంపు. అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న