మీ అబ్బ చేతికున్న వాచీ ఎవరిది?

అనంతపురం

అమ్మా,

మీ అబ్బ ఫోటో మీద నువ్వు రాసి పంపిన కథ రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంతో చదివాను. "తాతయ్య కళ్ళలో గంభీరమైన తాత్వికత గూడు కట్టుకుంది" అన్నావు చూడు, అక్కడ మొదలైంది. ఆ కళ్ళ మీదే పదకొండు లైన్లు రాశావు. ఫోటో తీసే ఆయన "కదలొద్దు, రెప్ప ఆర్పొద్దు" అని గదమాయించి ఉంటాడు. మొహం మీద రెండు పెద్ద లైట్లు. స్టూడియో గడప మొదటిసారి తొక్కిన మనిషి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఆ కాలపు ఫోటోల్లో అందరి తాతలూ తత్వవేత్తలే, మా ఊళ్ళో వడ్డీలకిచ్చే షావుకారుతో సహా.

నువ్వు పంపిన ఫోటో నా ముందే ఉంది. కళ్ళు వదిలెయ్, ఎడమ చెయ్యి చూడు. మోకాలి మీద ఎంత జాగ్రత్తగా పెట్టాడో! వాచీ కెమెరాకు కనబడాలని చొక్కా చెయ్యి రెండు మడతలు పైకి మడిచాడు. ఆ చొక్కా భుజాల దగ్గర జారిపోతోంది, ఆయన కొలతకు కుట్టింది కాదు. ఆయనకు చదువు రాదనీ, పొద్దు చూసే టైం చెప్పేవాడనీ నువ్వే రాశావు. మరి వాచీ ఎవరిది? పక్కన నిలబడ్డ తమ్ముడిదా? స్టూడియోవాళ్ళదా? వచ్చినవాళ్ళ కోసం స్టూడియోల్లో ఒక కోటు, ఒక టై, దువ్వెన, పౌడర్ డబ్బా పెట్టేవాళ్ళు. వాచీ గురించి నీ కథలో ఒక్క ముక్క లేదు.

నేనేదో పుట్టుకతోనే తెలిసినవాణ్ణి కాదులే. మా నాయన పోయినప్పుడు ఇంట్లో ఆయన ఫోటో లేదు. ఒక పెళ్ళి గ్రూప్ ఫోటోలో వెనక వరసలో నిలబడి ఉంటే, ఆ తలకాయ ఒక్కటీ పెద్దది చేయించుకొచ్చాను. స్టూడియో ఆయన భుజం మీది టవల్ చెరిపేసి, బ్రష్‌తో కోటు తొడిగి ఇచ్చాడు. బాగుందనుకుని నేను ఆ కోటు మీదే నా మొదటి కథ రాశాను. ఠీవి అన్నాను, రాజసం అన్నాను. అది ఒక వారపత్రికలో పడింది. చదివి వినిపిస్తే మా అమ్మ శనక్కాయలు ఒలుస్తూ అంతా వినింది. "మీ నాయనకు కోటు యాడిదిరా?" అనింది, అంతే. ఆమె ఆ పటానికి బొట్టు పెట్టేటప్పుడు కోటును అరచేత్తో మూసి మొహం మటుకే చూసుకునేదని చాలా రోజులకు గమనించాను. చెరిపేసిన ఆ టవల్‌తోనే ఆయన చెమట తుడుచుకునేవాడు. సంగటి మూట కట్టుకునేదీ, నన్ను కొట్టిందీ దాంతోనే. కథంతా టవల్‌లో ఉంటే నేను కోటు మీద రాశాను.

నువ్వు ఫోన్లో రంగులద్ది, నవ్వేలా చేసి పంపిన రెండో బొమ్మ తెరవగానే మూసేశాను. మా నాయనకు కోటు తొడిగిన స్టూడియో ఆయన కనీసం డబ్బులు తీసుకున్నాడు.

1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిందనీ, ఆఫీసులు డేరాల్లో నడిచాయనీ, 1956లో రాజధాని హైదరాబాద్‌కు పోయిందనీ ఒక పేరా నిండా రాశావు. అవి ఎవరైనా రాస్తారు. ఆ డేరాల్లో ఒక్కదాని తాడైనా మీ అబ్బ పట్టుకున్నాడా? పట్టుకోకపోతే ఆ పేరా కొట్టెయ్.

ఇంకోటి. ఉత్తరంలో "మా అబ్బ" అని రాసినదానివి, కథలోకి వచ్చేసరికి "తాతయ్య" అన్నావు. ఎవరికి భయపడ్డావు? నా కథలో "నాయన"ను అడక్కుండా "నాన్నగారు" చేసిన ఎడిటర్ ఒకాయన ఉండేవాడు. మా నాయనను ఎవరూ గారు అని పిలవలేదు సామీ అని రాస్తే, మా పాఠకులకు అర్థం కాదని జవాబిచ్చాడు. ముప్పై ఏళ్ళయింది, ఆ కార్డు ఇంకా దాచి పెట్టుకున్నాను.

సరే, నన్ను ఈ ఉత్తరం రాయడానికి కూర్చోబెట్టింది మాత్రం వేరే వాక్యం. చివరి పేజీలో "2009 వరదలో ఫోటో కాస్త పాడైంది" అని దాటేశావు. దాటేసే మాటా అది? అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రి రెండూ కర్నూలు మీద పడితే జనం మిద్దెలెక్కి కూర్చున్నారు. మీ ఇంటి గోడకున్న పటంలో బురద చార మీ అబ్బ ఛాతీ దాకా వచ్చి ఆగింది. నీళ్ళు తీశాక ఆ పటాన్ని ఎవరు కడిగారు? దేంతో తుడిచారు? వాచీ ఉన్న చెయ్యి చార కిందే ఉంది, అయినా వాచీ నిలిచింది. నువ్వు రాయాల్సింది ఈ చార దగ్గర మొదలవుతుంది.

మీ అబ్బతో కాపురం చేసిన జేజి ఉందన్నావు కదా. వచ్చే ఆదివారం పటం తీసుకుని పో. ఒళ్ళో పెట్టి, వాచీ ఎవరిదని అడిగి ఊరకుండు. ఫోన్ రికార్డింగ్ అదీ పెట్టొద్దు, గొంతు సర్దుకుని పెద్దమనిషిలా మాట్లాడుతుంది. "పటం మీద ఇంత దుమ్మేంది" అని నిన్ను తిడుతుంది ముందు. తిట్టనీ. ఆ తర్వాత చెబుతుంది.

ఏ పత్రికకు పంపాలి, ఎన్ని పేజీలుండాలి, కలం పేరు పెట్టుకోవచ్చా అని అడిగావు. ముందు ఆదివారం కానీ.

ఉంటాను.

తా.క. ఫోటో అద్దానికి అతుక్కుపోయిందన్నావు, ఊడబెరకొద్దు. తడిసిన ఫోటో ఆరితే పైపొర అద్దాన్ని పట్టేస్తుంది, లాగితే బొమ్మ అద్దంతోనే వచ్చేస్తుంది. అద్దంతో సహా స్కాన్ చేయించు. ఫ్రేమ్ వెనక అట్ట మటుకు మెల్లగా తీసి చూడు. ఫోటో వీపు మీద స్టూడియో ముద్రో, పెన్సిల్‌తో వేసిన నెగటివ్ నంబరో ఉంటే నాకు రాయి.